కండక్టర్ రాని ట్రాము

వియన్నాకు పోయేవాళ్లు ఆ ఊళ్లో ఎలా తిరగాలో తెలుగులో రెండు పేజీలు రాసివ్వమని పోయిన వారం నాకు ఫోన్ వచ్చింది. చేసింది, మూడేళ్ల కింద నన్ను అక్కడికి తీసుకుపోయిన సంస్థ పెద్దాయన. ఆయన్ని మేమంతా సారు అంటాం. ఈసారి మా చుట్టుపక్కల నుంచి నలుగురు నేతగాళ్లను తీసుకుపోతున్నారట.

"మీరు పోయొచ్చినోళ్లు గదమ్మా, మీకు అనుభవం ఉన్నది. బస్సులు, ట్రాములు, నీళ్లు, గిసుంటియి రాసిస్తే ప్రింట్ కొట్టించి అందరికి ఇస్తం" అన్నారు.

అనుభవం అనే మాట ఆయన నోట వింటే ఒళ్లు మండింది. అయినా రాసిచ్చాను. ఆ రెండు పేజీల్లో పట్టనిది, పట్టినా ఆయన కొట్టేసేది, ఇక్కడ రాసుకుంటున్నాను.

నేను సిద్దిపేటలో మగ్గం నేసే మనిషిని. పదో తరగతి దాకా చదివాను. చీర మీద చల్లకుండ ఎత్తుకున్న గొల్లభామను పోగులు లెక్కపెట్టి చేత్తో తీస్తాను. ఆ బొమ్మను చూసే నన్ను వియన్నాకు పిలిచారు. అక్కడి మ్యూజియంలో పది రోజులు మగ్గం మీద కూర్చుని నేసి చూపించాలి. పదో రోజు గుడ్డ కోసి వాళ్లకు ఇవ్వాలి. పని అదీ.

ఇక ఊరి సంగతి. మా పాత బస్టాండులో దిగిన మనిషికి దారి తప్పే అవకాశం లేదు. చిన్నకోడూరు బస్సు ఎక్కడ ఆగుతుందంటే జామకాయలమ్మే ఆమె చెప్తుంది, మిర్చీలు వేసే అతను చెప్తాడు, అడగకపోయినా పక్కన నిలబడ్డ ముసలాయన చెప్తాడు. ముగ్గురూ మూడు చోట్లు చూపిస్తారు. అయినా బస్సు దొరుకుతుంది. వియన్నాలో ఎవరినీ అడగలేం. అందరి చెవుల్లో ఏవో ఉంటాయి. కాబట్టి ట్రాము నంబరు చూసి ఎక్కేయకండి అని రాశాను. అదే నంబరు ట్రాము రోడ్డుకు ఇటు నుంచి ఒకటి, అటు నుంచి ఒకటి పోతుంది. నంబరు పక్కన ఆఖరి స్టాపు పేరు రాసి ఉంటుంది, అది చూడాలి. పేరు చదవడం రాకపోతే కాగితం మీద రాయించుకుని, అక్షరానికి అక్షరం పోల్చుకోవాలి. బొమ్మ దించే వాళ్లకు అదేం కష్టం కాదు.

తలుపు దానంతట అది తెరుచుకోదు. బటన్ నొక్కాలి. మొదటిరోజు సాయంత్రం ఊరు చూద్దామని ఒక్కదాన్నే పోయి, తలుపు తెరుచుకుంటుందని దాని ముందు మర్యాదగా నిలబడ్డాను. ట్రాము కాసేపు ఆగి వెళ్లిపోయింది. కదిలే మెట్ల మీద కుడివైపే నిలబడాలి, ఎడమవైపు తొందరపడే వాళ్లది. నడిచే దారి పక్కనే సైకిళ్ల దారి ఉంటుంది, అందులో కాలు పెడితే గంట కొట్టరు, తిడతారు. ఎర్రలైటు వెలిగితే రోడ్డు మీద ఒక్క బండీ లేకపోయినా ఎవరూ దాటరు. నేను దాటబోతే ఒక ముసలామె నా కొంగు పట్టుకుని ఆపింది. ఆ ఊళ్లో నన్ను ముట్టుకున్న మొదటి మనిషి ఆమెనే.

నల్లా నీళ్లు ధైర్యంగా తాగొచ్చు, కొండల నుంచి వస్తాయట, చల్లగా ఉంటాయి. సీసా వెంట ఉంచుకుంటే చాలు. ఆదివారం దుకాణాలు మూస్తారు, శనివారమే బ్రెడ్డూ పాలూ కొనిపెట్టుకోవాలి. అడ్రసులో ఇంటి నంబరు పక్కన ఇంకో రెండు నంబర్లు ఉంటే ఒకటి మెట్లది, ఒకటి తలుపుది. ఇదంతా నిజం. ఇదంతా ఉపయోగపడుతుంది. ఇందులో ఏ ఒక్కటీ నాకు ఉపయోగపడలేదు.

టికెట్ సంగతి రాయాలంటే ముందు అచ్చు సంగతి చెప్పాలి.

మగ్గం మీద నిలువుగా ఉండే పోగుల్ని పడుగు అంటాం. ఆ పోగులు ఒక్కొక్కటిగా దారపు కళ్లల్లోంచి, ఆ తర్వాత దువ్వెన పళ్ల లాంటి సందుల్లోంచి దూరి ముందుకు వస్తాయి. ఆ మొత్తాన్ని మేం అచ్చు అంటాం. ఏ పోగు ఏ కంట్లోంచి పోవాలో దాన్ని బట్టే అంచు పడుతుంది. ఒకసారి ఎక్కించడానికి ఇద్దరు మనుషులు, నాలుగు రోజులు కావాలి. అందుకే పడుగు అయిపోయినప్పుడు మేం పాత పోగుల్ని పూర్తిగా లాగెయ్యం. అచ్చు ముందర జానెడు గుడ్డ, వెనక జానెడు పోగులు వదిలి, వేళ్లకు బూడిద అద్దుకుని, కొత్త పడుగులోని ఒక్కొక్క పోగును పాత పోగు కొసకు పురివేసి అతుకుతాం. అతికి మెల్లగా లాగితే కొత్త పోగు పాతదాని వెంటే తన దారి తను వెతుక్కుంటుంది. అచ్చును ఖాళీగా ఉంచడం మా ఇంట్లో లేదు.

నా అచ్చు అవ్వ ఎక్కించింది. అప్పుడు నాకు తొమ్మిదేళ్లు. అవ్వ ముందు కూర్చుని కొక్కెంతో పోగు లాగేది, నేను వెనక కూర్చుని ఒక్కొక్కటి అందించేదాన్ని. నేను దిక్కులు చూస్తే, "ఇంకోటియ్యవే, ఏడ జూస్తున్నవ్" అనేది. అంచు దగ్గరికి వచ్చేసరికి నోట్లో నోట్లో లెక్కపెట్టుకునేది. చిన్న చిన్న మెట్లు ఎక్కి దిగినట్టుండే అంచు అది, మా అవ్వ సొంతం. ఇంకెవరి చీరకూ ఉండేది కాదు. పెళ్లయ్యాక ఆ అచ్చు నాతోపాటు అత్తగారింటికి వచ్చింది. అవ్వ పోయింది. అచ్చు మాత్రం ఒక్కరోజు ఖాళీగా లేదు. ఎన్ని పడుగులు అతికానో నాకే తెలియదు, కానీ అన్నీ ఒకదాని కొసకు ఒకటి పట్టుకుని అవ్వ చేతిదాకా పోతాయి. నేను దేవుడికి దండం పెట్టినా పెట్టకపోయినా మగ్గం ఎక్కేముందు ఆ అచ్చును ఒకసారి తడిమేదాన్ని.

వియన్నాకు వేరే అచ్చు తీసుకుపోతానన్నాను. సారు ఒప్పుకోలేదు.

"వాళ్లకు ఒరిజినల్ కావాలె అమ్మా. మగ్గం కట్టెలు వాళ్లే చేయించి పెడుతున్నరు. మీరు అచ్చు తెస్తే చాలు. పాణం లెక్క చూసుకుంటరు వాళ్లు."

మా ఆయన వద్దన్నాడు. నేనే తీసుకుపోయాను. గొప్పకు పోయాననే చెప్పాలి. అవ్వ అచ్చును అక్కడివాళ్లు చూస్తారు కదా అని సంబరపడ్డాను. పాత నూలుచీరలో చుట్టి, విమానంలో ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను.

తొమ్మిది రోజులు బాగానే గడిచాయి. పొద్దున సారుతోపాటు కారులో పోవడం, సాయంత్రం కారులో రావడం. మ్యూజియం మేడం మంచిమనిషి. జనం గుంపుగా వచ్చి నిలబడితే ఆమె ఏదో అడిగేది, సారు నన్ను అడిగేవారు, నేను పది మాటలు చెప్తే సారు రెండు మాటల్లో తేల్చేవారు. మిగతా ఎనిమిది ఎటు పోయేవో నాకు అర్థమయ్యేది కాదు. తొమ్మిదో రోజు నేను ఆయన దగ్గరికి పోయి స్పష్టంగా చెప్పాను.

"సారూ, రేపు గుడ్డ నేనే కోస్త. అచ్చు ముంగట జానెడు ఇడిసిపెట్టి కోయాలె. ఎనుక పోగులు ముట్టొద్దు. గీ ముచ్చట మేడంకు జెర చెప్పుండ్రి."

"చెప్తనమ్మా, అదెంత పని" అన్నారు.

పదో రోజు కోత పదిగంటలకు. సారుకు ఏవో కొనుక్కునేవి ఉన్నాయని ఏడింటికే కారులో పోయారు. పోతూ నా చేతిలో ఒక టికెట్టూ, ట్రాము నంబరూ, దిగే స్టాపు పేరూ ఉన్న కాగితం పెట్టారు. "ఎనిమిది స్టాపులే అమ్మా. మీరు ఎక్కుడు, దిగుడు. అంతే" అన్నారు. నాకు భయం వేయలేదు. సిద్దిపేట నుంచి ప్రజ్ఞాపూర్ మీదుగా పట్నం నేను ఒక్కదాన్నే ఎన్నిసార్లు పోలేదు. తొమ్మిదింటికే ట్రాము ఎక్కి కిటికీ పక్కన కూర్చున్నాను. ఆఖరి స్టాపు పేరు పోల్చుకున్నాను, బటన్ నొక్కాను, ఏదీ తప్పలేదు.

తలుపు పక్కన కడ్డీకి నీలం పెట్టె ఒకటి ఉంది. చూశాను. టికెట్ కొట్టే మిషన్ అని కూడా తెలిసింది. కానీ అది కండక్టరుది అనుకున్నాను. మా బస్సులో కండక్టర్ మిషన్ మీద ఎవరైనా చెయ్యి వేస్తారా? ఆడవాళ్లకు టికెట్ ఫ్రీ అయినా ఆధార్ చూపిస్తే కండక్టరే జీరో టికెట్ కొట్టి ఇస్తుంది, మనం కూర్చుని తీసుకుంటాం. అది మర్యాద. ట్రాములో ఎక్కినవాళ్లు ఒక్కరూ ఆ పెట్టె దగ్గరికి పోలేదు. వాళ్లందరికీ నెలల పాసులు ఉంటాయని, టికెట్ ఉన్నవాళ్లే దాన్ని అందులో పెట్టి ముద్ర కొట్టుకోవాలని తర్వాత తెలిసింది. నేను మాత్రం టికెట్ నలగకుండా రెండు వేళ్లతో పట్టుకుని కండక్టర్ కోసం చూస్తూ కూర్చున్నాను.

ఐదో స్టాపు దగ్గర ఇద్దరు ఎక్కారు. ఒకాయన వీపుకు సంచి, ఇంకొకామె జీన్స్‌ప్యాంటు. మామూలు మనుషుల్లాగే ఉన్నారు. తలుపులు మూసుకోగానే మెడలోని కార్డులు బయటికి తీశారు. నా దగ్గరికి వస్తే నవ్వుతూ టికెట్ చాపాను, చింపి ఇస్తారని. ఆయన దాన్ని ఇటు తిప్పి అటు తిప్పి ఏదో అడిగాడు. నేను కొట్టుకోమని సైగ చేశాను. ఇంకేదో అడిగాడు. నేను ఆధార్ కార్డు తీసి చూపించాను. ఇప్పుడు రాస్తుంటే నాకే నవ్వొస్తుంది, అప్పుడు మాత్రం చెమటలు పట్టాయి. తర్వాతి స్టాపులో నన్ను దింపారు. ట్రాములోని వాళ్లంతా కిటికీల్లోంచి నన్ను చూశారు. దొంగను చూసినట్టు చూశారు.

వాళ్లు తిట్టలేదు, చెయ్యి చేసుకోలేదు. ఒక యంత్రంలో ఏవేవో రాసుకున్నారు, పాస్‌పోర్ట్ అడిగారు. అది సారు దగ్గరుంది. ఫోన్ చేస్తే ఆయన ఎత్తలేదు. మ్యూజియం వాళ్లిచ్చిన మెడ కార్డు చూపిస్తే దాని మీద నంబరుకు వాళ్లే ఫోన్ చేశారు, అక్కడా ఎవరూ చాలాసేపు ఎత్తలేదు. కోతకు అందరూ హాల్లో చేరి ఉంటారు. నేను స్టాపులో బల్ల మీద కూర్చుని చేతులు నలుపుకుంటూ, మగ్గం మీద అడ్డపోగును నడిపే నాడెను విసిరినట్టు గాల్లో చెయ్యి ఆడించి చూపించాను. ఆమె పాపం తల ఊపింది. అర్థమై ఊపిందో, పిచ్చిదనుకుని ఊపిందో. చివరికి ఎవరో ఎత్తారు, నన్ను వదిలారు. పొమ్మన్న దిక్కుకు ఉరికాను. ఆ ఊళ్లో ఆడవాళ్లు చీరలో ఉరకడం ఎవరూ చూసి ఉండరు. ఎర్రలైట్లు దాటాను.

హాల్లోకి పోయేసరికి చప్పట్లు కూడా అయిపోయాయి. జనం గ్లాసులు పట్టుకుని నిలబడ్డారు. మేడం నన్ను చూసి ఎదురొచ్చి కౌగిలించుకుంది. ఆమె చేతులకు తెల్లటి తొడుగులున్నాయి. ఆమె భుజం మీంచి మగ్గం కనిపించింది. అచ్చు ముందర గుడ్డ లేదు. వెనక పడుగు లేదు. గుడ్డకు పొడుగు కుచ్చులు బాగుంటాయని అచ్చు వెనక నుంచి కత్తిరించి, ముందుకు లాగేశారు. ఎక్కించడానికి నాలుగు రోజులు పట్టేది ఒక్క గుంజుడుకు వచ్చేస్తుంది. ఖాళీ అచ్చును మెత్తటి తెల్లకాగితంలో చుట్టి, పసిబిడ్డను పడుకోబెట్టినట్టు డబ్బాలో పెట్టారు. ఎంత మర్యాదగా పాడుచేశారో.

ఆమెను ఏమనాలి? ఆమెకు ఎవరూ చెప్పలేదు. సారును అడిగాను.

"చెప్పిన్రా మీరు?"

"మీరు రాకపోతిరి. జనం నిలవడ్డరు. ఎంతసేపని ఆపాలె?"

"చెప్పిన్రా అని అడుగుతున్న."

"మల్ల ఎక్కించుకుంటరు గదమ్మా. మీకు వచ్చిన పనే గద" అన్నారు. అని ఎవరో పిలిస్తే నవ్వుకుంటూ అటు పోయారు. గుడ్డ ఒక కొస మేడం, ఇంకో కొస ఆయన పట్టుకుని ఫోటో దిగారు.

ఆ సాయంత్రం నేను అన్నం ముట్టలేదు. నాకు భాష రాకపోవడం ఒక్కటే బాధ కాదు. భాష వచ్చినాయన పక్కనే ఉండి కూడా మాట దాటలేదు. అది ఇవాళ్టికీ నాకు మింగుడు పడదు. నన్ను దింపేసిన చెకింగ్ వాళ్ల మీద నాకు కోపం లేదు. వాళ్ల పని వాళ్లు చేశారు.

ఇంటికి వచ్చి వారం ఆగి అచ్చు ఎక్కించడానికి కూర్చున్నాం. మా ఆయన వెనక, నేను ముందు. ఎప్పుడూ అవ్వ కూర్చున్న చోట మొదటిసారి నేను కూర్చున్నాను. గుడ్డ నడుమ భాగం సులువే, ఒకటి ముందు కంట్లో, ఒకటి వెనక కంట్లో. రెండు రోజుల్లో అయింది. అంచు దగ్గరికి వచ్చాక నా చెయ్యి ఆగింది.

"ఏమైంది?" అన్నాడు మా ఆయన.

"తెల్వది" అన్నాను.

నిజంగా తెలియదు. అవ్వ ఎక్కించినప్పుడు నేను వెనక ఉన్నాను. పోగులు అందించాను, అవి ఎటు పోయాయో చూడలేదు. ఆ తర్వాత తెలుసుకోవాల్సిన అవసరం రాలేదు, కొత్త పోగు పాతదాని వెంట పోయేది కదా. ఇన్నేళ్లూ ఆ అంచు నాకు వచ్చు అనుకున్నాను. అది అచ్చుకు వచ్చు, నాకు రాదు. అవ్వ నోట్లో లెక్కపెట్టుకున్న గొంతు వినిపిస్తుంది, లెక్క వినిపించదు. మూడుసార్లు అంచనా మీద ఎక్కించాను. ఒకసారి మెట్లు విరిగాయి, ఒకసారి కిందికి చూశాయి, ఒకసారి అసలు పడలేదు. వచ్చిన పనే కదా అన్న మాట చెవుల్లో మోగుతుంటే కొక్కెం విసిరికొట్టాను.

పాత చీర ఒకటి ఉంటే అంచు విప్పి లెక్కపెట్టుకోవచ్చు. మా ఇంట్లో లేదు. నేసినవన్నీ అమ్ముకున్నాం, మేం కట్టుకునేవి మిల్లు చీరలు. కొన్నవాళ్ల కోసం తిరిగాను. చిన్నకోడూరులో ఒకామె దగ్గర దొరుకుతుందంటే పోయాను. ఆమె మంచిదే, చాయ్ పోసింది. చీర పాతబడితే బొంత కుట్టించిందట. అంచు గట్టిగా ఉంటుందని ముందే చింపి తాళ్లకు వాడుకుందట. "గది బర్రెను కట్టేసినా తెగలేదక్కా" అని మెచ్చుకుంది. ఇంకో రెండు ఊళ్లు తిరిగి మానేశాను. ఇప్పుడు నేను నేసే చీరలకు మామూలు అంచే. షాపువాళ్లు తేడా అడగలేదు. అచ్చును తడమడం మానేశాను.

ఆ అంచు మిగిలింది ఒక్క వియన్నాలోనే. అందుకే సారు ఫోన్ చేసినప్పుడు నా కోపం దిగమింగి ఒకటి అడిగాను. రెండు పేజీలు రాసిస్తాను, ఆ గుడ్డ అంచును దగ్గర్నుంచి ఫోటో తీసి పంపించండి అని.

"ఆ గుడ్డ ఇప్పుడు గోడ మీద లేదమ్మా. వెలుగు తగిలితే రంగు పోతదని చీకటి గదిలో పెట్టేసిన్రు. మల్ల ఎన్నటికి తీస్తరో వాళ్లకే తెల్వది. తీసేటప్పుడు నేను పోయిన, ఆఖరి దినం ఒక ఫోటో దిగిన. అది పంపుత" అన్నారు.

అది చాలన్నాను. పేజీలు రాశాను. ట్రామూ, బటనూ, నీళ్లూ, ఆదివారమూ, నీలం పెట్టెలో టికెట్ మీరే కొట్టుకోవాలన్న సంగతీ. చివర ఒక వరస చేర్చాను: గుడ్డ కోసేటప్పుడు అచ్చు ఖాళీ చేయొద్దని మొదటిరోజే, మీ ఎదుటే, చెప్పించండి. ఆయన చదివి ఆ వరస కొట్టేశారు. "ఇది తిరుగుడుకు సంబంధించింది కాదు గదమ్మా" అన్నారు.

ఫోటో ఆ సాయంత్రమే వచ్చింది. వాకిట్లో వెలుగుకు నిలబడి ఫోన్‌లో పెద్దది చేసి చూశాను. అద్దం వెనక గుడ్డ, మంచి లైట్లు, గొల్లభామల వరస చక్కగా పడింది. ఎడమ అంచు ఫోటోలోకి రాలేదు. కుడివైపు అద్దం ముందర సారు కోటు వేసుకుని నిలబడ్డారు. ఇంకా పెద్దది చేశాను. రెండు మెట్లు కనిపించాయి, మూడోది సగం; లెక్కకు అవి చాలవు. మా ఆయనను పిలిచి చూపించాను. ఆయన కళ్లద్దాలు తెచ్చుకుని చాలాసేపు చూసి, ఫోన్ నా చేతికిచ్చి లోపలికి పోయాడు.

మర్నాడు సారుకు ఫోన్ చేశాను, మీరు లేనిది ఇంకోటి ఉందా అని.

"కోసిన్నాటి దాంట్ల అంచు మా పిడికిట్ల మడతవడ్డది. అద్దంల పెట్టినంక ఒక్కటే దిగిన అమ్మా. మంచిగొచ్చింది గద? మీ పేజీల మీద గదే వేపిస్తున్న" అన్నారు.

నిన్న ఒక కాపీ పంపారు. వియన్నాలో ఎలా తిరగాలో నేను రాసిందంతా, ఆ ఒక్క వరస తప్ప, అచ్చయి ఉంది. పైన ఆయన ఉన్నారు. మా అవ్వ అంచు ఆయన భుజం వెనక ఉంది.